ఆకుపచ్చ కాళ్ళ పెట్టలు

పెళ్ళికొడుకుని ఎంచింది నేనే. ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కాస్త తేలికవుతుంది.

పెళ్ళికొడుకంటే కోడిపుంజు. ఆ చలికాలం మా ముసలి పుంజు పోయింది. పెరట్లో పద్నాలుగు పెట్టలు పుంజు లేకుండా మిగిలాయి. ప్రదర్శన కోళ్ళు పెంచే ఇంట్లో అది చిన్న చిక్కు కాదు. ఎండలు ముదిరేలోగా పిల్లలు లేవకపోతే వానలు పడ్డాక జరిగే ప్రదర్శనకి వట్టి చేతులతో వెళ్ళాలి. అందుకని చలి విరుగుతున్న రోజుల్లో ఒకనాడు నాన్న టైలరింగ్ షాపు మూసేసి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. పెళ్ళీడుకొచ్చిన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని కోళ్ళకి సంబంధం చూడ్డానికి పోతున్న తండ్రి లోకంలో తనొక్కడే అయి ఉంటాడని దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే మా షాపులో గుడ్డ కత్తిరించే పని నాది. సుద్దగీత లేకుండా కత్తెర వేసినా వంకర పోనని నాన్నకి నా కంటి మీద గురి.

బయల్దేరేముందు అమ్మ గుమ్మం దాకా వచ్చి నాకు ఒకే మాట చెప్పింది.

“పుంజుని చూసి మురిసిపోకు. దాని అక్కచెల్లెళ్ళని చూపించమని అడుగు.”

మేం ఎవరింటికి వెళ్ళామో ఆయన్ని కోళ్ళవాళ్ళందరూ కప్పులాయన అనేవారు. ముందుగది గోడలకి సున్నం కనబడకుండా గెలిచిన కప్పులు పేర్చి ఉండేవి. మమ్మల్ని కూర్చోబెట్టి మూడు పుంజుల్ని తెప్పించాడు, మూడూ ఒక తల్లి పిల్లలే. రెండింటిని చూస్తూ ఉండగానే మూడోది బల్ల మీదికి తనంతట తనే ఎక్కి నిలబడింది. ఎర్రగోధుమ రంగు ఈకలు, నిలువు మెడ, కొలిచి కత్తిరించినట్టున్న తురాయి. నేను కాళ్ళు చూశాను. మా జాతి కోడికి కాళ్ళే ప్రాణం. ఈకలెంత మెరిసినా కాలు పసుపు రంగులో లేకపోతే న్యాయనిర్ణేత ఆ గూడు ముందు ఆగను కూడా ఆగడు. ఆ పుంజు కాళ్ళు పసుపుకొమ్ము విరిచినట్టున్నాయి. పొలుసులు ఒకదాని పక్కన ఒకటి కుట్టుమిషను మీద కుట్టినంత వరుసగా ఉన్నాయి. వేలుతో తడిమాను. నాకు అమ్మ మాట గుర్తులేక కాదు.

“వీటి అక్కచెల్లెళ్ళు లేవా అండీ?” అని అడిగాను.

వేరే చోట ఉన్నాయనీ, చాలా వరకు అమ్ముడుపోయాయనీ ఆయన అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. అప్పటికే పుంజు నాదైపోయింది.

తిరుగు బస్సులో నాన్న ఒళ్ళో గంప పెట్టుకుని, మూత సందులోంచి దాన్ని చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ మూడింట్లో తను చేత్తో తీసేది కూడా అదేనట. కాసేపాగి, ఈసారి ప్రదర్శన కార్డు మీద తన పేరు కింద నా పేరు కూడా రాయిస్తానన్నాడు. కార్డు మీద పెంపకందారు అన్న చోట అంతవరకూ నాన్న పేరొక్కటే ఉండేది. పెట్టలు అమ్మవి. ఏ పెట్ట ఏ పెట్ట కూతురో నాలుగు తరాల వెనక దాకా చెప్పగలిగింది అమ్మ. గుడ్డు చేతిలోకి తీసుకుని, ఆకారం చూసి, అది ఎవరు పెట్టిందో చెప్పి పెన్సిలుతో నంబరు వేసేది అమ్మ. అయినా ఆ గడిలో అమ్మ పేరు రాయాలని ఎవరికీ తోచలేదు. ఆ సంగతి బస్సులో నాకూ తోచలేదు. నా పేరు అచ్చులో ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

ఇంటికి రాగానే అమ్మ పుంజుని రెండు చేతులతో పైకెత్తి, రెక్క విప్పి, కాలు వెలుతురుకి పట్టి చూసింది. బాగుందని ఒప్పుకుంది. అక్కచెల్లెళ్ళని చూశారా అని అడిగింది. చూశామన్నాడు నాన్న. నేను చెప్పులు విప్పుకుంటూ తల దించుకున్నాను.

*

ఎండలు మొదలయ్యేసరికి ఇల్లంతా కోడిపిల్లలే. వెనక వరండాలో బల్బుల కింద, అట్టపెట్టెల్లో, నంబర్ల వారీగా. ఏ పెట్ట పిల్లల్ని ఆ పెట్టెలోనే ఉంచి, కాళ్ళకి రింగులు తొడిగి పుస్తకంలో రాసేదాన్ని. పుస్తకం పని నాది, అంతకు ముందు మూడేళ్ళనుంచీ. పిల్లల కాళ్ళన్నీ లేత పసుపే. నాన్న రోజుకి నాలుగుసార్లు షాపులోంచి లేచొచ్చి చూసిపోయేవాడు. కొలతలిచ్చే వాళ్ళని కూడా నిలబెట్టి పెరట్లోకి పిలిచేవాడు. మా అమ్మాయి కన్ను చూశారా, మూడింట్లో దీన్ని పట్టింది అని వాళ్ళ దగ్గర చెప్పేవాడు. ఏనాడూ నన్ను మెచ్చుకుని ఎరగని మనిషి. ఆ మాట వినడానికే నేను ఏదో ఒక పని పెట్టుకుని అక్కడే తచ్చాడేదాన్ని.

పిల్లలు లేచిన పదో వారంలో ఒక పొద్దున నీళ్ళ తొట్టి కడుగుతుంటే ఒక పెట్టపిల్ల కాలు మాసినట్టు కనిపించింది. పట్టుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. సబ్బు పెట్టి తోమాను. పొలుసుల కింద, చర్మం లోపల ఏదో నీడ. గోడకి నాచు పట్టడం మొదలైనప్పుడుండే రంగు. దాన్ని వదిలేసి ఇంకోదాన్ని పట్టుకున్నాను, తర్వాత ఇంకోదాన్ని. వారం తిరిగేసరికి నలభై ఒక్క పెట్టపిల్లల్లో ఇరవై రెండింటికి కాళ్ళు ఆకుపచ్చగా తేలాయి. పుంజుపిల్లలు ఒక్కటంటే ఒక్కటి చెడలేదు. అన్నీ తండ్రిలాగే నిగనిగలాడుతున్నాయి.

నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు కప్పులాయనకి ఫోన్ చేశాడు. అది పెట్టల నుంచి దిగిన లోపమనీ, పాత నెత్తురైపోయిందనీ, వాటిని తీసేసి కొత్త పెట్టల్ని పెట్టుకోమనీ, కావాలంటే తన దగ్గరే మంచివున్నాయనీ ఆయన చెప్పాడట. ఫోన్ పెట్టేశాక నాన్న మొహంలో తేట వచ్చింది. తప్పు ఎవరిదో తెలిసిపోయిన మనిషి మొహంలో వచ్చే తేట.

ఆ మధ్యాహ్నం నేను కత్తిరింపు బల్ల మీద గుడ్డ పక్కకి జరిపి పుస్తకం తెరిచాను. ఆకుపచ్చ కాళ్ళవి ఏ పెట్టకి పుట్టాయో వరసగా గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. ఒక పెట్ట దగ్గరో రెండు పెట్టల దగ్గరో గుర్తులన్నీ పోగుపడతాయనుకున్నాను. పద్నాలుగింటికీ పడ్డాయి. ఏ పెట్టకి చూసినా కూతుళ్ళలో కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి. వెనక్కి తిప్పి కిందటేడు పేజీ చూశాను. అదివరకున్న పెట్టలే, ముసలి పుంజుతో. ఒక్క పిల్లకీ మచ్చ లేదు. అంతకు ముందేడూ లేదు. పద్నాలుగు మందికి ఒకే ఏడు ఒకే జబ్బు రాదు. మారింది పుంజొక్కటే.

పుస్తకం మూసి, దాని మీద గుడ్డ తాను పెట్టి, సాయంత్రం దాకా నిక్కర్లు కత్తిరించాను.

*

రాత్రి భోజనాల దగ్గర నాన్న తన నిర్ణయం చెప్పాడు. పెట్టలన్నిటినీ తీసేద్దాం అన్నాడు. కోళ్ళవాళ్ళ భాషలో తీసెయ్యడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఎందుకో కూడా వివరించాడు. ముసలివైపోయాయి, వాటి కాళ్ళలోనే పసుపు లేదు, పాలిపోయి ఉన్నాయి, ఇంక పిల్లలకెక్కడిదిస్తాయి?

అమ్మ వడ్డన ఆపింది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ పూటా పెంచలేదు.

“గుడ్లు పెట్టే పెట్టకి కాళ్ళలో పసుపు ఎక్కడుంటుందండీ? ఉన్నదంతా సొనలోకి పోతుంది. గుడ్లు మానెయ్యనివ్వండి, మళ్ళీ వస్తుంది. మీకు తెలీనిదా?”

నాన్న అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. అమ్మే అంది.

“పెట్ట దాచుకోలేదు. ఈ ఆకుపచ్చ దాని ఒంట్లో ఉంటే దాని కాలి మీదే కనబడిపోతుంది. పుంజు దాచుకోగలదు. తన కాలు శుభ్రంగానే ఉంటుంది, కొడుకుల కాళ్ళూ శుభ్రంగానే ఉంటాయి. బయటపడేది కూతుళ్ళ దగ్గర. ఇన్నేళ్ళనుంచి చూస్తున్నాను. పెట్టపిల్ల కాలి ఆకుపచ్చ తండ్రి దగ్గర్నుంచే వస్తుంది, తల్లి దగ్గర్నుంచి రాదు.”

“అంటే ఏం జరిగినా తప్పు మగాడిదేనన్నమాట,” అని నాన్న నవ్వాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అమ్మ దగ్గరే నేర్చుకోవాలన్నాడు. కప్పులాయన కంటే నీకెక్కువ తెలుసా, ఆయన గోడ మీద ఎన్ని కప్పులున్నాయో చూశావా అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

“పుస్తకం నీ దగ్గరుంది కదా. నువ్వు చెప్పు.”

అమ్మ కూడా నా వైపు చూసింది. ఆ చూపులో ఆదుర్దా లేదు. సాక్షి తన మనిషే అని తెలిసినవాళ్ళ నిమ్మళం ఉంది.

నేను మంచినీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టాను.

“పుస్తకంలో ఏం తేలట్లేదు నాన్నా. రెండు వైపుల నుంచీ అయ్యుండొచ్చు.”

అంతే. నాన్న చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అమ్మ నా కంచంలో ఇంకొంచెం వడ్డించి, గిన్నె మీద మూత పెట్టింది.

*

మర్నాడు పొద్దున్నే మాంసం కొట్టువాడు స్కూటరు వెనక ఇనప గూడు కట్టుకుని వచ్చాడు. నాన్న షెడ్డులోకి వెళ్ళేసరికి పెట్టలు బెదిరి మూలమూలకి ఎగిరాయి, నాలుగు ఈకలు తప్ప ఆయన చేతికి ఏమీ చిక్కలేదు. దగ్గి, చొక్కా దులుపుకుని బయటికొచ్చాడు. అమ్మ చీర కొంగు దోపుకుని లోపలికి వెళ్ళింది.

ఆమె దగ్గరికి అవే నడిచొచ్చాయి. ఒక్కొక్కదాన్ని చంకలో పెట్టుకుని, రొమ్ము కింద అరచెయ్యి ఆనించి, నింపాదిగా పెరడు దాటించి తెచ్చేది. గూడు మూత నేను పట్టుకున్నాను. అమ్మ పెట్టని లోపలికి దింపేది, నేను మూత వేసేదాన్ని. ఆమె ఇంకోదాని కోసం వెళ్ళేది, నేను మూత తీసి నిలబడేదాన్ని. ఏడో ఎనిమిదో అయ్యాక మాంసం కొట్టువాడు, ఎండెక్కుతోంది, కాళ్ళు పట్టుకుని నాలుగేసి తెచ్చెయ్యమ్మా అన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. ఒకటి తర్వాత ఒకటిగానే తెచ్చింది. అతనికి అనుమానం వచ్చి, ఇవి గుడ్లు పెడుతున్నవిలా ఉన్నాయే అని నాన్ననడిగాడు. రంగు తప్పాయని చెప్పాడు నాన్న. మాంసానికి రంగుతో ఏం పనిలెండి అని అతను నవ్వి, పద్నాలుగోది పడ్డాక గూడుకి తాడు బిగించాడు.

మూడు రోజుల తర్వాత ఆకుపచ్చ కాళ్ళ పెట్టపిల్లల్నీ పంపేశాం. ఆ రోజు అమ్మ బయటికి రాలేదు. నేనే పట్టిచ్చాను. పిల్లలు కదా, అమ్మంత నేర్పు అక్కర్లేదు. పరిగెత్తించి పట్టుకున్నాను.

ఆనాటి నుంచి అమ్మ షెడ్డులో కాలు పెట్టలేదు. కోపమని మేం అనుకోవడానికి కూడా వీల్లేకుండా మిగతా పనులన్నీ యథాప్రకారం చేసింది. షాపులో గుండీలు కుట్టింది, కాజాలు కుట్టింది, వేళకి వండింది. దాణా అయిపోయిందని నాన్న అంటే, బస్తా ఎక్కడ దొరుకుతుందో చెప్పింది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఎవరు పిలిచినా ఉలికిపడేదాన్ని.

*

వానలు పడ్డాక ప్రదర్శన జరిగింది. పెద్ద రేకుల హాలు, వరసగా బల్లలు, వాటి మీద తీగల గూళ్ళు, కింద రంపపుపొట్టు. వందల పుంజుల కూతలతో పక్కవాడి మాట వినబడదు. పెళ్ళికొడుకు కొడుకుల్లో మేలైనదాన్ని తీసుకెళ్ళాం. దాని కాళ్ళు ముందు రోజు నేనే కడిగి, నూనె గుడ్డతో తుడిచాను. తెల్లకోటు వేసుకున్న న్యాయనిర్ణేత మా గూడు ముందు ఆగాడు. దాన్ని బయటికి తీసి, తిప్పి, కాలు వెలుతురుకి పట్టి చూసి, ఏమీ అనకుండా లోపల పెట్టాడు. ఒకసారి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. సాయంత్రానికి మా గూడుకి మొదటి బహుమతి చీటీ అంటించారు.

కార్డు మీద నాన్న పేరు, కింద నా పేరు. అచ్చులో చక్కగా ఉంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్ళందరికీ ఆ రెండో పేరే చూపించాడు.

కప్పులాయన కూడా వచ్చాడు. నాన్న అటు వెళ్ళగానే ఆయన గూట్లోకి వంగి పుంజుని చూసి, తాతని పోలిందన్నాడు. అప్పుడు అడిగాను. ఎందుకు అప్పుడే అడిగానో ఇప్పటికీ తెలియదు. గెలిచేశాం కాబట్టేమో.

“దీని మేనత్తలకి కాళ్ళెలా ఉండేవండీ?”

ఆయన నన్నొకసారి తేరిపార చూశాడు. దొరికిపోయానన్న బెదురేం లేదు. ఒక వృత్తిలో వాళ్ళం కదా అన్నట్టు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

“సగం ఆకుపచ్చవే అమ్మా. ఎవరూ చూడకముందే తీసేస్తుంటాం. పుంజుల్ని కొనేవాళ్ళు ఆడవాటి సంగతి ఎందుకడుగుతారు? మీరొక్కరే అడిగారు, అదీ ఒక్కసారే.” నాన్న ఉన్న వైపు చూపించాడు. “మీ నాన్నగారితో అనకండి. పాపం, ఎంత సంతోషంగా ఉన్నారో చూడండి.”

ఆ సాయంత్రమే నాన్న ఆయన దగ్గర ఎనిమిది పెట్టలకి మాట ఇచ్చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ షాపు దీపం కింద కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. నాన్న బహుమతి కప్పుని ఆమె ముందు పెట్టి, ఎవరెవరు ఏమేమన్నారో చెప్పి, పుంజుని గూట్లో పెట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు. అమ్మ కప్పుని పక్కకి జరిపింది, దాని కింద చొక్కా చెయ్యి ఇరుక్కుపోయింది. నేను ఎదురుగా కూర్చున్నాను.

“అమ్మా, తప్పు పుంజుదే.”

“తెలుసు.”

“నాకు అప్పుడే తెలుసు. నువ్వన్న రోజే, అంతకు ముందే తెలుసు.”

అమ్మ దారం పళ్ళతో తెంపింది.

“అదీ తెలుసు. పుస్తకం రాసేది నువ్వేగా, నీకు తెలియకుండా ఎలా ఉంటుంది?” ఇంకో గుండీ తీసుకుంది. “మీ నాన్న నా మాట వినడు. నీ మాటైతే వినేవాడు. ఆ పొద్దున ఎందుకంత నెమ్మదిగా తెచ్చాననుకున్నావు? ఒక్కొక్కదాన్ని తెస్తూ, ఇప్పుడు చెప్తావు, ఇప్పుడు చెప్తావు అనుకున్నాను. పద్నాలుగు సార్లు మూత తీశావు. పద్నాలుగు సార్లూ వేశావు.”

నాకు ఏడుపు రాలేదు. వచ్చినా అక్కడ దానికి చోటు లేదు. లేచి పెరట్లోకి వెళ్ళి, నాన్నకి అంతా చెప్పాను. కప్పులాయన అన్నదీ, పుస్తకంలో ఉన్నదీ, ఆ రోజు భోజనాల దగ్గర నేను దాచిందీ. ఆయన మండిపడతాడనీ, కూలబడతాడనీ అనుకున్నాను. నాన్న పుంజు కాలి రింగు సరిచేస్తూ విన్నాడు.

“మీ అమ్మ అప్పుడే చెప్పిందిగా,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. “మరి…”

“నువ్వు తేలట్లేదన్నావు,” అన్నాడు. అని గూటి తలుపు గడియ వేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ విషయం మా ఇద్దరి మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

రెండు వారాలకి కప్పులాయన పెట్టలు వచ్చాయి. మంచి పెట్టలే. కొత్తచోటుకి అలవాటుపడి, నెల తిరక్కుండానే గుడ్లు మొదలుపెట్టాయి. పొద్దున్నే నేనే తీసి, వంటింట్లో బుట్టలో పెట్టేదాన్ని. అవి అక్కడే ఉండిపోతున్నాయని గమనించడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. పొయ్యి మీద ఉడుకుతున్నవి వేరు. తెల్లగా, అన్నీ ఒక్క కొలతలో, మీద పెన్సిలు గీత ఎరగని గుడ్లు.

ఒకనాడు దారపు కండెల కోసం వీధి చివరి కొట్టుకి వెళ్తే కొట్టువాడు పొట్లం కడుతూ నవ్వాడు. మీ అమ్మగారు రెండు రోజులకోసారి వచ్చి అరడజను గుడ్లు పట్టుకెళ్తున్నారు, ఇంటినిండా కోళ్ళుండగా మీకిదేం ఖర్మమ్మా అని నిన్ననే అడిగేశాను అన్నాడు.

“ఏమంది?”

“ఆ కోళ్ళు మా ఆయనవీ, మా అమ్మాయివీను అన్నారు. చిల్లర తీసుకుని వెళ్ళిపోయారు.”